పొట్టి గేరు

నా ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంగి ఉండిపోయింది. పూర్తిగా చాపలేను, పూర్తిగా ముడవలేను. చంటిపిల్లను ఎత్తుకున్నవాడి చేతిలాగా ఎప్పుడూ కడుపు దగ్గరే ఉంటుంది. చిన్న బళ్ళో చదివే రోజుల్లో, మార్కెట్టులో పేర్చిన పత్తి బోరాల మీద ఎక్కి ఆడుతూ కిందపడ్డాను. బాపు, అంటే మా నాన్న, నన్ను దవాఖానకు కాకుండా, ఊరి అవతల ఎముకలకు కట్టు కట్టే ఒక పెద్దమనిషి దగ్గరికి తీసుకుపోయాడు. మా బజారు వాళ్ళంతా అప్పట్లో ఆయన దగ్గరికే పోయేవాళ్ళు. వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పూసి, గుడ్డ చుట్టాడు. మా ఇంట్లో గుడ్డు ముట్టరు. అందుకని కట్టు ఉన్నన్నాళ్ళూ అమ్మ నాకు వంటింటి గడప ఇవతలే అన్నం పెట్టింది. కట్టు విప్పిన రోజు చెయ్యి చాపమన్నారు. నాకు రాలేదు. పిల్లగాడు భయపడుతున్నాడు, కొన్నాళ్ళు పోతే అదే వస్తుందన్నాడాయన. అది ఎప్పటికీ రాలేదు.

మాకు వరంగల్‌లో ఇనుప సామాను దుకాణం ఉండేది. నాగటి కర్రులు, గొలుసులు, గడ్డపారలు, బండి చక్రాల పట్టీలు అమ్మేవాళ్ళం. చదువు అయ్యాక నేను గల్లా దగ్గర కూర్చున్నాను. ఎడమ పక్క గోడ ఉండే చోటు అది. వచ్చినవాళ్ళకు నా కుడి చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. ఆ చోటు నాకు చూపించింది బాపే. అక్క పెళ్ళిలో ఫోటో తీసేటప్పుడు నా భుజాలు పట్టుకుని జరిపి, పెద్దమ్మ వెనక నిలబెట్టింది కూడా ఆయనే. నా చెయ్యిని చూసి బాపు సిగ్గుపడుతున్నాడని నాకు చాలా చిన్నప్పుడే అర్థమైంది. అప్పటినుంచి ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాలే వేసుకునేవాణ్ణి. పెళ్ళిళ్ళకు పోతే గోడ ఎటువైపు ఉందో ముందు చూసుకునేవాణ్ణి.

డెబ్బైల చివర్లో బాపు ఒక పాత కారు కొన్నాడు. ఆ రోజుల్లో రోడ్ల మీద కనిపించేవి రెండు మూడు రకాల కార్లే. మాది వాటిలో చిన్నది, లేత ఆకుపచ్చ రంగుది. గేరు కడ్డీ స్టీరింగు కింద, ఎడమ పక్క ఉండేది. ఒక గేరుకు చెయ్యి చాపి మీదికి ఎత్తాలి, ఇంకో గేరుకు ఒళ్ళోకి లాక్కుని కిందికి దించాలి. బాపు నేర్చుకున్నాడు, తమ్ముడు నేర్చుకున్నాడు. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అయితే ఆ కారును తుడిచేది నేను. నీళ్ళు, ఆయిలు చూసేది నేను. వెనక సీట్లో కూర్చుని, ఇంజన్ శబ్దం విని, బాపు ఏ గేరులో ఉన్నాడో మనసులో చెప్పుకునేవాణ్ణి. ఆయన గేరు మార్చడానికి ఆలస్యం చేస్తే నా ఎడమ చెయ్యి తనంతట తానే కదిలేది.

కొన్నేళ్ళకు ఆ కడ్డీ కీళ్ళు అరిగిపోయాయి. సరిగ్గా చౌరస్తాలోనే గేరు ఇరుక్కునేది. బాపు బానెట్ ఎత్తి, లోపలి రాడ్లను చేత్తో లాగి విడిపించి, మసి చేతులతో మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. అప్పుడు మా బావ కల్పించుకున్నాడు. బావ అంటే అక్క భర్త. హన్మకొండలో సుబేదారి దగ్గర ఉండేవాడు, అక్కడే ఒక ఆఫీసులో ఉద్యోగం. కార్లంటే పిచ్చి. సికింద్రాబాద్‌లో ఫ్లోర్ గేరు సామాను దొరుకుతుందని, కింద రేకుకు కన్నం కొట్టి గేరును సీటు పక్కకు తెచ్చుకోవచ్చని బాపుకు చెప్పాడు. ముందు సీట్లో మధ్యన కూర్చునే చోటు పోతుందని బాపు గొణిగాడు. చివరికి చౌరస్తాలో మసి పూసుకోవడం కంటే ఇదే నయమని ఒప్పుకున్నాడు.

బావ తెచ్చింది మామూలు కడ్డీ కాదు. రేసు కార్లకు పెట్టే రకమని, అందరూ వాడే దాంట్లో సగం పొడుగు కూడా ఉండదని, బెత్తెడు కదిపితే గేరు పడిపోతుందని దారి పొడుగునా చెప్పాడు. హన్మకొండ రోడ్డు మీద ఒక మెకానిక్ షెడ్డులో దాన్ని బిగించారు. ఆ రోజు దుకాణం తమ్ముడికి అప్పజెప్పి నేను కూడా పోయాను. సీటు అంచు కంటే జానెడు ఎత్తున, కడ్డీ కొసన నల్లటి గుండు ఒకటి నిలబడి ఉంది. బావ ఎక్కి షెడ్డు ముందు రెండుసార్లు తిప్పి వచ్చాడు. కారు ఎగిరెగిరి పడింది. ఆయన దిగి, నేను ఆ గుండునే చూస్తుండటం గమనించాడు.

"కూసో బామ్మర్దీ," అన్నాడు.

నేను వద్దన్నాను. ఆయన తలుపు తెరిచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. షెడ్డులో ఇంకో ఇద్దరు ముగ్గురు తమ బండ్ల కోసం వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ముందు గుంజులాట ఎందుకని ఎక్కి కూర్చున్నాను. మెకానిక్ కిటికీలోంచి తల పెట్టి చూశాడు. నా చెయ్యి గుండు దాకా వస్తుందో లేదో అతనికి తెలియాలి.

"చొక్కా జర మీదికి మలుపు అన్నా, కనబడ్తలేదు," అన్నాడు.

నేను కదల్లేదు. అతను సహాయం చేస్తున్నాననుకుని తనే గుండీ విప్పి చొక్కాను మోచేతి మీదికి మడిచేశాడు. సన్నబడి, ఎముక ఒక పక్కకు పొడుచుకొచ్చిన ఆ మోచెయ్యిని ఇంట్లోవాళ్ళు కూడా చూసి ఎన్నో ఏళ్ళయింది. బండ్ల కోసం వచ్చినవాళ్ళు ఇటు తిరిగారు. ఒకాయన దగ్గరికి వచ్చి, పుట్టుకతోనేనా అని అడిగాడు. దిగి పారిపోదామనుకున్నాను. కాని అప్పటికే నా అరచెయ్యి గుండు మీద ఉంది. చాపకుండా, వంచకుండా, ఎట్లా ఉన్న చెయ్యి అట్లాగే పోయి దాని మీద పడింది. క్లచ్ తొక్కి మణికట్టుతో ముందుకు తోశాను. టక్కుమని మొదటి గేరు పడింది. వెనక్కి లాగితే రెండోది. ఇంజన్ ఆపి ఉన్న కారులో కూర్చుని గేర్లన్నీ వేసుకుంటూ పోయాను. చూస్తున్నవాళ్ళ సంగతి కాసేపు మర్చిపోయాను. రివర్సు మాత్రం పడలేదు. దానికి గుండును కిందికి గట్టిగా నొక్కి తర్వాత లాగాలి. వంగిన చెయ్యితో పైనుంచి బరువు వెయ్యలేను. రివర్సు తర్వాత చూద్దామన్నాడు బావ.

ఆ తర్వాత ఆదివారాలు పొద్దున్నే బావ నన్ను ఒక ఖాళీ గ్రౌండుకు తీసుకుపోయేవాడు. కడ్డీ పొట్టిది కాబట్టి దూరం తక్కువ, కాని బలం ఎక్కువ కావాలి. గడ్డపారలు అమ్మేవాణ్ణి, ఆ లెక్క నాకు తెలుసు. పొడుగు గడ్డపారతో లేచే రాయి పొట్టిదానితో లేవదు. ఇంటికి వచ్చేసరికి మణికట్టు వాచిపోయేది. అన్నం తినేటప్పుడు ఎడమచేత్తో నీళ్ళ గ్లాసు పట్టుకుంటే వణికేది. అయినా ఆ రోజుల్లో ఉన్నంత సంతోషంగా నేను అంతకుముందెప్పుడూ లేను. నెల తిరిగేసరికి ఖాళీ రోడ్డు మీద కాజీపేట దాకా పోయి రాగలిగాను. బావ ఊరుకోకుండా కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. బాపు కూడా విన్నాడు.

ఆ ఎండాకాలంలో నాకు నెక్కొండ నుంచి ఒక సంబంధం వచ్చింది. అంతకుముందు వచ్చినవి కొన్ని చెయ్యి మాట వినగానే ఆగిపోయాయి. ఈ సంబంధం తెచ్చినాయన చిన్నప్పటి దెబ్బ అని మాత్రం చెప్పానన్నాడు. పిల్లను చూడటానికి పోయే రోజు పొద్దున బాపు కారు తాళంచెవి తెచ్చి నా ముందు పెట్టాడు.

"నువ్వే నడుపు. ఆళ్ళు జూస్తరు గదా," అన్నాడు.

ఆయన మనసులో ఏముందో నాకు అర్థమైంది. కారు నడుపుకుంటూ వచ్చిన పిల్లవాణ్ణి చెయ్యి పనికిరానివాడని ఎవరంటారు? నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను. గర్వం కింద చిన్న భయం కూడా ఉంది. రివర్సు మాట బాపుకు చెప్పలేదు. ముందుకు పోవడమే కదా, ఇంటి ముందు ఆపితే చాలు అనుకున్నాను.

బాపు నా పక్కన కూర్చున్నాడు. అమ్మ, అక్క వెనక కూర్చున్నారు. నెక్కొండ దాకా బాగానే పోయాను. దారి పొడుగునా ఎడ్లబండ్లు, గొర్ల మందలు. ఆగడం, మళ్ళీ మొదటి గేరు వెయ్యడం. ఊరు చేరేసరికి చెయ్యి మొద్దుబారింది. చిటికెన వేలు, దాని పక్క వేలు ఉన్నాయో లేవో తెలియడం లేదు. పిల్ల ఇల్లు రైల్వే స్టేషన్ దాటాక ఒక సందులో ఉంది. సందు మొదట్లోకి తిరగగానే వాళ్ళ ఇల్లు కనిపించింది. అరుగు మీద పెద్దవాళ్ళు నిలబడి ఉన్నారు. కారు రావడం చూసి ఇంకొందరు బయటికి వచ్చారు. అప్పుడే ఎదురుగా ఒక ట్రాక్టరు, వెనక గడ్డి నింపిన ట్రాలీతో వచ్చింది. సందులో ఒక్క బండే పడుతుంది. ట్రాలీ వెనక్కి పోలేదు. నేనే పోవాలి.

గుండు మీద చెయ్యి వేసి నొక్కాను. దిగలేదు. భుజం వంచి, ఒళ్ళంతా ఎడమ పక్కకు వాల్చి నొక్కాను. గేర్లు గరగరమని అరిచాయి. ట్రాక్టరు వాడు హారను కొట్టాడు. కుడి చేత్తో వేద్దామని స్టీరింగు వదిలేసి అటు తిరిగాను. క్లచ్ మీద కాలు జారింది. కారు ఒక్కసారి ముందుకు ఎగిరి ఆగిపోయింది. వెనక నుంచి అమ్మ దేవుణ్ణి తలుచుకోవడం వినిపించింది. అరుగు మీది వాళ్ళు మెట్లు దిగి వచ్చి చూస్తున్నారు. చెమట కళ్ళల్లోకి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మళ్ళీ స్టార్ట్ చేసి క్లచ్ తొక్కి పట్టుకున్నాను.

అప్పుడు బాపు తన చెయ్యి తెచ్చి నా చెయ్యి మీద పెట్టాడు. నా వేళ్ళ మీదినుంచే గుండును పట్టుకుని గట్టిగా అదిమాడు. ఇద్దరం కలిసి లాగాం. రివర్సు పడింది. కారు సందు బయటికి వచ్చేదాకా ఆయన చెయ్యి తియ్యలేదు. ట్రాక్టరు మా పక్కనుంచి పోతుండగా, దాని మీద ఉన్నవాడు అరుగు మీది వాళ్ళకు వినబడేట్టు అన్నాడు.

"ఒక్క బండికి ఇద్దరు డ్రైవర్లా?"

నవ్వినవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నేను చూడలేదు. మళ్ళీ సందులోకి తిప్పి వాళ్ళ ఇంటి ముందు ఆపి, కారు దిగి, తల వంచుకుని కాళ్ళు కడుక్కున్నాను.

వాళ్ళు మంచివాళ్ళే. కుర్చీలు వేశారు, ఉప్మా పెట్టారు, దారిలో ఎండ గురించి అడిగారు. పిల్ల వచ్చి కూర్చుంది. ఆ అమ్మాయి ముఖం నాకు గుర్తు లేదు, ఎందుకంటే నేను చూడలేదు. ఆకుపచ్చ చీర అంచు, నేల మీద గీసిన ముగ్గు గీతలు మాత్రమే గుర్తున్నాయి. ఉప్మా ప్లేటు ఏ చేత్తో పట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని తినకుండా కూర్చున్నాను. పిల్ల తాతగారు ఒక్కరే డొంకతిరుగుడు లేకుండా సూటిగా అడిగారు. నా వైపు కొంచెం వంగి, చెయ్యి జర చాపి చూపించు నాయినా అన్నారు.

నేను చాపడానికి ప్రయత్నించాను. ఎందుకు ప్రయత్నించానో ఇప్పటికీ తెలియదు. రాదని నాకు తెలుసు. ఇన్నేళ్ళలో రానిది ఆ కుర్చీలో కూర్చుని వస్తుందా? అందరూ చూస్తుండగా నా మోచెయ్యి కొంచెం కదిలి అక్కడే ఆగింది. అప్పుడు బాపు నోరు విప్పాడు.

"అది చాపరాదండి. గంతే అస్తది. పిల్లగాని తప్పేం లేదు. నేనే దవాఖానకు తీస్కపోలే. పెద్ద డాక్టర్లు కోస్తరని భయపడి కట్టు కట్టించిన."

ఆ మాట మా ఇంట్లో అంతకుముందు ఎవరూ అనలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బజారులో పెద్దమనిషిగా అందరూ దండం పెట్టే మనిషి, ముక్కూ మొగం తెలియని వాళ్ళ ముందు దోషిలాగా కూర్చున్నాడు. ఆ క్షణంలో నాకు చెయ్యి గురించి సిగ్గు కలగలేదు. నా వల్ల ఆయన అక్కడ అట్లా కూర్చోవలసి వచ్చినందుకు, ఆ మాట చెప్పవలసి వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్ళూ ఆయన నన్ను గోడ పక్కన ఎందుకు కూర్చోబెట్టాడో, పెద్దమ్మ వెనక ఎందుకు దాచాడో నేను అనుకున్నది నిజమేనా అన్న అనుమానం కూడా అక్కడే మొదలైంది. నన్ను దాచాడో, తను చేసినదాన్ని దాచుకున్నాడో. ఆయన్ను ఎప్పుడూ అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు తాళంచెవి బాపుకే ఇచ్చాను. కడ్డీ మార్చినప్పటినుంచి కారు తీసింది నేనూ, బావా, తమ్ముడే కాబట్టి ఆయనకు ఆ పొట్టి గేరు అలవాటు లేదు. స్టీరింగు కింద పాత కడ్డీ కోసం చెయ్యి పోతుంది, అది అక్కడ లేదు. మొదటి గేరు అనుకుని మూడోది వేశాడు. రైలు గేటు ఎత్తగానే పట్టాల మీద కారు ఆగిపోయింది. వెనక బస్సు వాడు హారను మీద హారను కొట్టాడు. ఇద్దరు మనుషులు వచ్చి తోశారు. గేటు దాటి పక్కకు ఆపి, బాపు తాళంచెవి బయటికి లాగాడు. తర్వాత దిగి, చుట్టూ తిరిగి వచ్చి, నా పక్క తలుపు తీశాడు.

"నాతోని గాదు బిడ్డా. నువ్వే జరుగు," అన్నాడు.

నేను చెయ్యి నొప్పిగా ఉందన్నాను. నిజంగానే నొప్పిగా ఉంది. ఆయన ఎండలో నిలబడే ఉన్నాడు. చెయ్యి నిమ్మళమయ్యేదాకా ఆగుదాం, తొందరేమీ లేదన్నాడు. అక్క పక్కన ఉన్న కొట్టుకు పోయి సోడాలు తెచ్చింది. నలుగురం ఒక వేపచెట్టు కింద నిలబడి తాగాం. తర్వాత నేను నడిపాను. గేరు మార్చవలసి వచ్చినప్పుడల్లా బాపు చెయ్యి తన మోకాలి మీదినుంచి కొంచెం లేచేది, మళ్ళీ కిందికి దిగేది. ఇల్లు చేరేదాకా ఒక్కసారి కూడా ఆయన నన్ను తాకలేదు.

జాతకాలు కలవలేదని కొద్దిరోజులకు కబురు వచ్చింది. బావ ఆ వార్త విని పరిగెత్తుకుని వచ్చాడు. తప్పంతా తనదేనని, ఆ దిక్కుమాలిన కడ్డీని తీసి పారేయిస్తానని బాపు ముందు నిలబడ్డాడు. తీసెయ్యొద్దన్నాడు బాపు. కొంచెం పొడుగు చేయించమన్నాడు. మెకానిక్ ఒక ముక్క అతికించాడు. మొదటి వారంలోనే అతుకు విరిగి గుండు నా చేతిలోకి ఊడి వచ్చింది. రెండోసారి మంచి రాడ్డు తెచ్చి, నా వైపుకు వంచి, రివర్సుకు నొక్కకుండా వేళ్ళతో మీదికి ఎత్తితే పడేట్టు మార్చాడు. అప్పటికి అది రేసు కారు గేరూ కాదు, మామూలు గేరూ కాదు. బావ దాన్ని చూసి నిట్టూర్చాడు. నాకు మాత్రం సరిపోయింది.

నేను నిత్యం నడపసాగాను. సిగ్గు పోయిందని చెబితే అబద్ధం. ఇంట్లోవాళ్ళు ఎక్కితే ఫరవాలేదు. బయటివాళ్ళెవరైనా నా ఎడమ పక్క కూర్చుంటే, వాళ్ళ చూపు నా చెయ్యి మీదే ఉన్నట్టు అనిపించేది. వాళ్ళు కిటికీ వైపు తిరిగేదాకా గేరు మార్చేవాణ్ణి కాదు. రెండో గేరులోనే బండి మూలుగుతూ పోయేది. తర్వాత వేరే ఊరి సంబంధం కుదిరి పెళ్ళయింది. చెయ్యి సంగతి ముందే అంతా చెప్పి చేసుకున్నాం. అయినా పెళ్ళయిన కొత్తలో మామగారిని ఎక్కించుకున్నప్పుడు కూడా అంతే చేశాను.

అమ్మతో, బాపుతో, అత్తగారి తరఫు వాళ్ళతో కలిసి ఒకసారి పాలకుర్తి పోతున్నాం. మామగారు నా పక్కన కూర్చున్నారు. ఆయన ఏదో చెబుతూ నా వైపే తిరిగి ఉన్నారు. చాలాదూరం అట్లాగే, రెండో గేరులోనే పోనిచ్చాను. వెనక సీటులోంచి బాపు ముందుకు వంగాడు.

"ఇంజన్ ఏడుస్తాంది బిడ్డా," అన్నాడు మెల్లగా. "మార్చు."

మార్చాను. మామగారు చెబుతున్నది ఆపలేదు. మిరప తోటల రేటు గురించో, మరి దేని గురించో, ఆయన పాలకుర్తి దాకా చెబుతూనే ఉన్నారు.